పాలాయన తువ్వాల్లో పొన్నంకి పిట్ట

మూడేళ్ళ కిందట అక్టోబరులో ఓ రోజు తెల్లవారుజామున ఐదున్నరకి మా గేటు చప్పుడైంది. పాలు పోసే ఆయనే. ఒక చేతిలో క్యాను, ఇంకో చేతిలో తువ్వాలు మూట. "టీచరమ్మా, మా గొడ్ల కొట్టంలో పడి ఉండాది. లకుముకి పిట్టేమో అనుకున్నా. తోక లేదు, పిల్లి పీకేసిందేమో చూడండి" అన్నాడు.

తువ్వాలు కాస్త తొలగించి చూశాను. ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలం, తెల్లటి గొంతు, కంటి మీదుగా కాటుక దిద్దినట్టు నల్లటి పట్టీ, పొట్ట కింద కుంకుమ రంగు. పొన్నంకి పిట్ట! తోకని ఏ పిల్లీ పీకలేదు, దాని తోకే అంత పొట్టి. నేను నెల్లూరులో పదకొండేళ్ళుగా సైన్సు చెబుతున్నాను. బొమ్మల్లో పిల్లలకి ఎన్నోసార్లు చూపించిన ఈ పిట్టని ప్రాణంతో మొదటిసారి చూసింది ఆ తువ్వాల్లోనే.

చెప్పుల అట్టపెట్టెకి చిల్లులు పొడిచి, అడుగున పాత నూలుగుడ్డ పరిచి, పిట్టని అందులో పెట్టి చీకటి గదిలో ఉంచాం. నీళ్ళు పట్టలేదు, మెతుకులు పెట్టలేదు. పక్షి నోట్లో బలవంతంగా నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోవచ్చు. దయతో చేసే ఈ ఒక్క పని చేయకండని కనబడిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. దానికి దెబ్బలేం తగల్లేదు, అలసిపోయిందంతే. సాయంత్రం పెరట్లో జామచెట్టు కింద మూత తీశాం. రెండు గెంతులు గెంతింది. ఎండుటాకు ఒకటి ముక్కుతో తిరగేసి పురుగుని పట్టింది. గోడవారన ఉన్న పొదలోకి నడిచి వెళ్ళిపోయింది. పాలాయన అప్పటిదాకా సాయంత్రం పాలకి కూడా పోకుండా నిలబడే ఉన్నాడు.

వలస పక్షి అనగానే మా పిల్లలు సైబీరియా అంటారు. ఇది అక్కణ్ణుంచి రాదు, మన దేశపు పిట్టే. వానాకాలంలో హిమాలయాల దిగువ కొండల్లో, మధ్య భారతం అడవుల్లో గూడు కట్టుకుంటుంది. చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకీ వస్తుంది. ప్రయాణమంతా రాత్రిపూటే. అందుకే దారిలో దాన్ని చూసేవాళ్ళుండరు. అలసి దిగిన చోట కనబడుతుంది, అంతే. అది బాల్కనీ కావచ్చు, మెట్ల కింద కావచ్చు, గొడ్ల కొట్టం కావచ్చు.

ఉపగ్రహానికి సంకేతాలు పంపే పరికరం కట్టొచ్చు కదా అని తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. 2013లో నాగాలాండ్‌లో అముర్ ఫాల్కన్ అనే వలస డేగలకి 5 గ్రాముల పరికరాలు కట్టి ఆఫ్రికా దాకా వాటి దారి తెలుసుకున్నారు. పరికరం బరువు పక్షి బరువులో నూటికి 3 నుంచి 5 వంతులు దాటకూడదని లెక్క. పొన్నంకి పిట్ట మొత్తం బరువే 50, 60 గ్రాములు. ఆ డేగ మోసిన పరికరం దీనికి మోయలేని బరువు. మరి దీని దారి ఎవరు చెప్పాలి? తెల్లారకముందే లేచి కొట్టం ఊడ్చేవాళ్ళు చెప్పాలి.

మన దేశంలో ఈ పని 2007లో మైగ్రెంట్‌వాచ్ అనే కార్యక్రమంతో ఒక పద్ధతిగా మొదలైంది. వలస పక్షి మీ ఊళ్ళో ముందుగా ఏ రోజు కనబడిందో రాయమని జనాన్ని అడిగారు. ఇప్పుడు ఎక్కువమంది తాము చూసిన పక్షుల్ని ఈబర్డ్ అనే వెబ్‌సైటులో రాస్తున్నారు. అందులో పొన్నంకి పిట్ట మ్యాపు తెరిచి జూన్, జులై నెలలు పెట్టి చూడండి. ఊదారంగు గళ్ళు మధ్యప్రదేశ్, గుజరాత్ వైపు, హిమాలయాల అంచున ముదురుగా ఉంటాయి. జనవరికి మార్చండి. కేరళ, తమిళనాడు, శ్రీలంక ముదురుతాయి. ఆ రంగంతా మనలాంటి వాళ్ళు నింపిందే. మొదటిసారి చూసిన రాత్రి నేను నెలలు మారుస్తూ చాలాసేపు కూర్చున్నాను.

మా బడిలో ఒక నోటుబుక్కు పెట్టాం. తేదీ, గంట, చోటు, ఏం చేస్తోంది, ఎవరు చూశారు. ఈ చివరి గడి నా పట్టుదల. కారణం ఉంది.

1713లో లండన్‌లో అచ్చయిన, జాన్ రే అనే ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త రాసిన పక్షుల గ్రంథం చివర, మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఉన్న ఎడ్వర్డ్ బక్లీ అనే వైద్యుడు పంపిన బొమ్మలున్నాయి. అందులో ఈ పక్షి పేరు 'పొన్నంకి పిట్ట' అనే ఉంది. 1816లో వియో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ ప్రజాతికి 'పిట్ట' అనే పేరు పెట్టాడు. ఆస్ట్రేలియాలో ఉన్నదాన్నీ, ఆఫ్రికాలో ఉన్నదాన్నీ కూడా ఇవాళ పిట్ట అనే అంటున్నారు. అది మన మాట! ఆ రోజు కోటలో ఆ వైద్యుడికి ఎవరో మన మనిషి ఈ మాట చెప్పి ఉండాలి. బక్లీ పేరు మిగిలింది, చెప్పిన మనిషి పేరు ఎవరూ రాసుకోలేదు. చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

నోటుబుక్కులో ఖాళీ రోజులు కూడా రాయిస్తాను. "అరగంట చూశాం, కనబడలేదు" అన్నది కూడా సమాచారమే. ఒక పిల్లాడు వరసగా నాలుగు రోజులు "కనబడింది" అని రాసి, ఐదో రోజు తనే వచ్చి మూడు కొట్టేశాడు. ఆ మిగిలిన ఒక్కటీ నేను పూర్తిగా నమ్ముతాను.

పోయిన ఏడాది నవంబరులో ఎనిమిదో తరగతి అమ్మాయి కాగితంలో చుట్టి ఒక పిట్టని తెచ్చింది. పెద్ద అద్దాలున్న భవనం కింద పడి ఉందట. మెడ వాలిపోయి ఉంది. రాత్రి దీపాలు, పగలు అద్దంలో కనబడే చెట్లు, ఈ రెండూ దారిన పోయే పక్షులకి గండాలే. "దీన్ని కూడా రాయాలా టీచర్?" అని ఏడుస్తూ అడిగింది. రాయాలమ్మా అన్నాను. చనిపోయిన వాటిని ఈబర్డ్ లెక్కలో చేర్చరు కాబట్టి ఫోటో తీసి ఐనాచురలిస్ట్ అనే ఇంకో వెబ్‌సైటులో పెట్టాం. వేపచెట్టు కింద పాతిపెట్టాం. ఆ భవనం వాళ్ళని రాత్రిళ్ళు పై అంతస్తు దీపాలు ఆర్పమని రెండుసార్లు అడిగాను. ఇంకా ఆర్పలేదు. మళ్ళీ వెళ్తాను.

ఇక ఈ ఏడు సంగతి. పాలాయన భార్యది తడ వైపు ఊరు, అరవం బాగా వచ్చు. వాళ్ళ పుట్టింటి దగ్గర దీన్ని 'ఆరుమణి కురువి' అంటారట, అంటే ఆరుగంటల పిట్ట. పొద్దున ఆరు ప్రాంతంలో, మళ్ళీ సాయంత్రం ఆరు ప్రాంతంలో రెండు స్వరాల ఈల వేస్తుంది. ఆమె మొన్న సాయంత్రం ఫోన్ చేసింది. "మేడమ్, ఆరుగంటల పిట్ట వచ్చుండాది. కొట్టం వెనక మామిడిచెట్ల కింద అరస్తా ఉండాది, ఇనండి" అని ఫోను అటు తిప్పింది. గేదె మెడలో గంట, దూరంగా ఆటో, వాటి మధ్య సన్నగా ఈల. నేను చెప్పులేసుకుని బయల్దేరాను. వెళ్ళేసరికి ఇంకా అరుస్తోంది.

అక్కడే నోటుబుక్కు తీశాను. "మా ఆయన పేరు రాసుకోండి" అంది. ముందు విన్నది నువ్వు కదా అన్నాను. ఈబర్డ్‌లో ఎవరు చూసింది వాళ్ళ ఖాతాలోనే రాయాలి కాబట్టి, ఇంటర్ చదివే వాళ్ళ అమ్మాయి ఆమె పేరుతో ఖాతా తెరిచింది. చోటు, మొదలుపెట్టిన గంట, ఎన్ని నిమిషాలు, అన్నీ అడిగి నింపింది. చెట్టు మీద ఉన్న కాకులు, గోరింకలు కూడా లెక్కపెట్టింది. ఆమె మాత్రం నోటుబుక్కు వదల్లేదు. "నా పేరు ఎట్ట రాసినారో చూపించండి" అని లైటు కిందకి తీసుకెళ్ళి, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంది.