ఆల్ప్స్‌లో కుడి మలుపు

అమలాపురం చుట్టుపక్కల బండి నేర్చినవాళ్లకి ఎత్తు ఎక్కడమంటే గోదావరి వంతెన ఎక్కడమే. అలాంటివాళ్లు ఇటలీ ఆల్ప్స్‌లో 2757 మీటర్ల స్టెల్వియో కనుమ ఒంటరిగా ఎక్కుదామనుకుంటే ముందు లోయని తలచుకుని భయపడతారు. నిజానికి భయపడాల్సింది కుడి మలుపుకి.

అక్కడ బండి కుడి పక్కన నడపాలి. మన ఘాట్ రోడ్డులో ఇరుకుగా తిరిగేది ఎడమ హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగే U మలుపు), అక్కడ కుడిది. ఎక్కుతున్నప్పుడు మలుపు లోపలి అంచు నిటారుగా ఉంటుంది. ఆ అంచు పట్టుకుని తిరిగితే ఇంజిన్ మూలుగుతూ ఆగిపోతుంది. బండి కుడికి ఒరుగుతుంది, కాలు దించబోతే రోడ్డు లోపలికి వాలి ఉంటుంది కాబట్టి నేల అందదు. పైగా దించేది బ్రేకు కాలే! బండి పడేది ఎక్కువగా ఇలాగే.

కాబట్టి మలుపు ముందే సెకండ్‌కో ఫస్ట్‌కో దించేయండి, మధ్యలో గేరు మార్చొద్దు. ఎదురుగా ఎవరూ లేరని చూసుకుని, మీ వరసలోనే మధ్యగీత దగ్గరకి జరిగి, ఆలస్యంగా తిప్పండి. హాఫ్ క్లచ్, నిలకడగా యాక్సిలరేటర్, వెనక బ్రేకు మీద చిన్న ఒత్తిడి. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు ముట్టుకోవద్దు. చూపు చక్రం ముందు కాదు, భుజం మీదుగా మలుపు అవతల ఉండాలి. కాలువ గట్టు మీద కొబ్బరికాయల ట్రాక్టరుకి దారిచ్చినవాళ్లకి హాఫ్ క్లచ్ కొత్తేమీ కాదు. మిగతాది మారేడుమిల్లి ఘాట్‌లో రెండు రోజులు తిరిగితే వస్తుంది, కుడి ఎడమలు మాత్రం మనసులో మార్చుకోవాలి. కాఫీకి ఆగి, ఖాళీ రోడ్డు మీదకి మళ్లీ బయల్దేరేటప్పుడు చెయ్యి అలవాటుగా ఎడమకే లాగుతుంది. ట్యాంకు మీద కుడివైపు బాణం గుర్తు అంటించుకోండి, సిగ్గేం లేదు.

స్టెల్వియోలో కింద ఉన్న ప్రాటో ఊరి వైపు 48 హెయిర్‌పిన్‌లు. వాటి నంబర్లు కింద 48తో మొదలై పైన 1కి దిగుతాయి, ఇంకెన్ని మిగిలాయో రాయి చూసి తెలుసుకోవచ్చు. శని, ఆదివారాలు వద్దు. మామూలు రోజైనా పొద్దున్నే ఎక్కేయాలి.

దిగడంలో మనవాళ్ల జబ్బు ఒకటుంది: పెట్రోలు కలిసొస్తుందని వంతెన మీద నుంచి న్యూట్రల్‌లో జారడం. అక్కడ అలా జారితే బ్రేకులు కాలిపోతాయి. ఎక్కిన గేరులోనే దిగండి. బ్రేకు నొక్కిపట్టి ఈడ్చకండి. మలుపు ముందు గట్టిగా నొక్కి, పూర్తిగా వదిలేయండి. బ్రేకు లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వస్తోందంటే బ్రేకు ఆయిల్ మరిగి బుడగలు కట్టినట్టు. ఆగి, చల్లారనివ్వండి. వేడి డిస్కు మీద నీళ్లు పోస్తే వంకరపోవచ్చు. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. కోనసీమ గాలిలో తేమకి కొదవా? ఇక్కడి బండైనా రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాల్సిందే.

వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కింద 900 మీటర్ల ఎత్తులోని ప్రాటోలో 25 ఉంటే 2700 దగ్గర 13కి దిగుతుంది, దానికి బండి గాలి తోడు. జులైలోనూ మంచు పడొచ్చు. వేళ్లు కొంకర్లు పోతే క్లచ్ నొక్కలేరు, అందుకని వాన గ్లవుజులు వేరే జత ఉండాలి. ఆవుల పేడ, మలుపులో కంకర, తడిసిన తారు అతుకులు: ఈ మూడూ రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం లాంటివే. నిటారుగా దాటాలి, ఒరిగి కాదు.

పెట్రోలు లోయలోనే నింపండి, కనుమ మీద బంకు ఉంటుందనుకోవద్దు. స్టెల్వియోకి దగ్గర్లోని లివిన్యో ఊళ్లో వ్యాట్, ఎక్సైజ్ పన్నుల్లేవు కాబట్టి చవక. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఏడాదే చెల్లుతుంది, అసలు లైసెన్సూ వెంట ఉండాలి.

ఫోను హ్యాండిల్‌కి బిగించకండి, జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి. బండి లోయలోకి, మీరు గట్టు మీదికి పడితే 112కి ఫోన్ చేయాల్సింది మీరే.