డొమైన్ గొడవొస్తే ఏ గుమ్మం ఎక్కాలి?

పోయిన నెలలో ఒకరోజు రాత్రి పదకొండున్నరకి మా ఫ్రెండ్ ఫోన్ చేసి "ఒరేయ్, మా సైట్ డొమైన్ నా పేరు మీద లేదట రా, ఐకాన్‌కి కంప్లయింట్ రాస్తున్నా, ఒకసారి చూసి పెట్టు" అన్నాడు. పంపింది తెరిస్తే నాలుగు పేజీలు! వెబ్ డిజైనర్ చేసిన మోసం, ఇచ్చిన డబ్బులు, నమ్మకద్రోహం అన్నీ ఉన్నాయి గానీ ఐకాన్ (ICANN, డొమైన్లు అంటే సైట్ల పేర్ల వ్యవస్థని చూసుకునే అంతర్జాతీయ సంస్థ) చేయగలిగిన పని మాత్రం అందులో ఒక్కటీ లేదు. వాడి తప్పేం లేదు లెండి, డొమైన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఐకానే, అదేదో ఇంటర్నెట్‌కి సుప్రీంకోర్టు అన్నట్టు. నిజానికి దానికి రిజిస్ట్రార్లతో, అంటే మనకి డొమైన్లు అమ్మే కంపెనీలతో, ఒక కాంట్రాక్టు ఉంటుంది, ఆ కాంట్రాక్టులో ఉన్న రూల్‌ని రిజిస్ట్రార్ తప్పితే అడుగుతుంది, అంతే. డొమైన్ నీదా వాడిదా అని తేల్చదు, సైట్‌లో ఎవరేం రాశారన్నది అసలు దాని పనే కాదు.

ముందు చేయాల్సింది కంప్లయింట్ రాయడం కాదు, రికార్డు చూడటం. లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్‌లోకి వెళ్ళి డొమైన్ కొడితే రిజిస్ట్రార్ ఎవరు, ఎప్పుడు రిజిస్టర్ అయింది, ఎప్పుడు ఎక్స్‌పైర్ అవుతుంది, అబ్యూజ్ రిపోర్టు చేసే ఈమెయిల్ ఏంటి, ఇవన్నీ కనిపిస్తాయి. ఓనర్ పేరు మాత్రం చాలా వాటికి కనపడదు, 2018లో యూరప్ ప్రైవసీ చట్టం వచ్చాక దాచేస్తున్నారు. కింద స్టేటస్ అని కొన్ని లైన్లుంటాయి, జనం హడలిపోయేది అక్కడే. "క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్" అని ఉంటే కొంపేం మునగలేదు, దొంగలు పట్టుకుపోకుండా వేసిన మామూలు తాళం అది. "క్లయింట్ హోల్డ్" అని ఉంటే మాత్రం సైట్ తెరుచుకోదు, రిజిస్ట్రార్‌నే అడగాలి. "రిడెంప్షన్ పీరియడ్" (గడువు దాటిన పేరుని తిరిగి తెచ్చుకునే చివరి అవకాశం) కనిపిస్తే ఇది చదవడం ఆపేసి ముందెళ్ళి డబ్బు కట్టండి, డాట్ కామ్ లాంటి వాటికి ఆ 30 రోజులే గడువు, ఆ తర్వాత 5 రోజుల్లో పేరు బజార్లో పడుతుంది. రెన్యువల్ మర్చిపోయి రిమైండర్ రాలేదని గొడవ పెట్టుకునేవాళ్ళు మెయిల్ పాత అడ్రస్‌కి వెళ్ళిందేమో కూడా చూసుకోవాలి. ఎక్స్‌పైరీకి నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి, అయిపోయాక 5 రోజుల్లోపు ఇంకొకటి పంపాలన్నది రూల్, నిజంగా పంపకపోతే అది ఐకాన్‌కి చెప్పుకోదగ్గ కంప్లయింటే.

ట్రాన్స్‌ఫర్ గొడవ నాకు స్వయంగా అనుభవం. నా బ్లాగు డొమైన్‌ని వేరే రిజిస్ట్రార్ దగ్గరికి మార్చుకుందామని ట్రాన్స్‌ఫర్‌కి కావాల్సిన కోడ్ అడిగితే, పాత వాళ్ళు ఇదిగో అదిగో అంటూ చాట్‌లో ఒకరి తర్వాత ఒకరు అదే ప్రశ్న అడుగుతూ మూడు వారాలు తిప్పారు. కోడ్ మనమే తీసుకునే ఏర్పాటు సైట్‌లో లేకపోతే, అడిగిన 5 రోజుల్లోపు వాళ్ళే ఇవ్వాలని పాలసీలో ఉంది. ఆ సంగతి తెలిశాక ఐకాన్ సైట్‌లో ట్రాన్స్‌ఫర్ కంప్లయింట్ ఫారం నింపి, ఏ తేదీన అడిగానో ఏం జవాబిచ్చారో స్క్రీన్‌షాట్లు పెట్టి, నాలుగే నాలుగు లైన్లు రాశా. తిట్లు లేవు, కథ లేదు. కొన్ని రోజులకి కోడ్ దానంతటదే వచ్చింది, సారీ కూడా లేదనుకోండి. ఐకాన్ ముందు రిజిస్ట్రార్‌కి నోటీసుల మీద నోటీసులు పంపి వివరణ అడుగుతుంది, దారికి రాకపోతే చివరికి గుర్తింపే రద్దు చేయొచ్చు, అందుకే రూల్ నంబరు పట్టుకుని అడిగితే కదులుతారు.

అకౌంట్ హ్యాక్ అయి డొమైన్ ఎగిరిపోతే మాత్రం ఫారాలు తర్వాత, ముందు మీ పాత రిజిస్ట్రార్‌ని ఫోన్లో పట్టుకోండి. ట్రాన్స్‌ఫర్ డిస్ప్యూట్ పాలసీ అని ఒకటుంది గానీ దాని కింద కేసు వేయగలిగేది రిజిస్ట్రారే, మనం కాదు, అదీ 12 నెలల్లోపు. అందుకని వాళ్ళు మన పక్కన నిలబడాలి, కోపంలో వాళ్ళతోనే తగువు పెట్టుకుంటే మనకే నష్టం.

ఇక అసలు పెద్ద తగువు, మన బ్రాండు పేరుతో ఎవడో డొమైన్ కొని కూర్చోవడం. దీనికోసమే 1999లో యూడీఆర్‌పీ అనే పాలసీ పెట్టారు. కేసు ఐకాన్ వినదు, అది గుర్తించిన సంస్థలు వింటాయి: జెనీవాలో వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ), అమెరికాలో ఫోరం అనే సంస్థ, ప్రాగ్‌లో చెక్ ఆర్బిట్రేషన్ కోర్టు, ఆసియాకి ఒక సెంటరు, ఇంకా ఒకటో రెండో. మొట్టమొదటి కేసు చూస్తే దీని స్వభావం మొత్తం తెలిసిపోతుంది. కుస్తీ పోటీలు పెట్టే వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ పేరుతో ఒకాయన డొమైన్ రిజిస్టర్ చేసి, మూడు రోజులకే వాళ్ళకి ఈమెయిల్ పెట్టి కొనుక్కోండి అన్నాడు, ఆ తర్వాత 1000 డాలర్లు అడిగాడు. 2000 జనవరిలో తీర్పొచ్చింది, డొమైన్ వాళ్ళకిచ్చేయమని.

నెగ్గాలంటే మూడు నిరూపించాలి. ఆ పేరు మన ట్రేడ్‌మార్కులాగే లేదా తికమక పడేంత దగ్గరగా ఉండాలి, అవతలివాడికి ఆ పేరు మీద న్యాయమైన హక్కేమీ ఉండకూడదు, వాడు దురుద్దేశంతో రిజిస్టర్ చేసి ఉండాలి మరియు దురుద్దేశంతో వాడుతూ ఉండాలి. ఆ "మరియు" దగ్గరే చాలామంది బోర్లా పడతారు. మన కంపెనీ పుట్టకముందే వాడు కొనుక్కున్న పేరైతే, ఇవాళ లక్ష డాలర్లు అడిగినా సాధారణంగా మన కేసు నిలబడదు. అలాగని వాడకుండా ఊరికే పెట్టుకున్నంత మాత్రాన వాడు తప్పించుకోలేడు కూడా, ఆస్ట్రేలియా టెలిఫోన్ కంపెనీ టెల్‌స్ట్రా కేసులో ఆ డొమైన్‌లో అసలు సైటే లేదు, అయినా కంపెనీయే గెలిచింది (అవతలి పార్టీ పెట్టుకున్న పేరు న్యూక్లియర్ మార్ష్‌మాలోస్, నమ్మండి, తీర్పులో అలాగే ఉంది). సెలబ్రిటీ అయితే చాలా అంటే అదీ కాదు. 2000లోనే జూలియా రాబర్ట్స్ తన పేరు డొమైన్ గెలుచుకుంది, అదే ఏడాది సింగర్ స్టింగ్ ఓడిపోయాడు, ఎందుకంటే స్టింగ్ అనేది ఇంగ్లీషులో మామూలు మాట, దాని మీద ఆయనొక్కడికే హక్కని తేలలేదు.

ఖర్చు సంగతి. వైపోలో ఒక్క జడ్జి లాంటి ప్యానెలిస్టుతో ఐదు డొమైన్ల దాకా 1500 డాలర్లు, ముగ్గురు కావాలంటే 4000, లాయర్ ఫీజు వేరే. కేసు పడగానే రిజిస్ట్రార్ రెండు పనిదినాల్లో డొమైన్ లాక్ చేయాలి, దాక్కున్న ఓనర్ పేరు అప్పుడు కేసు వినే సంస్థకి చెప్పాలి. అవతలివాడికి జవాబివ్వడానికి 20 రోజులు, మొత్తమ్మీద రెండు నెలలు పడుతుంది. గెలిస్తే డొమైన్ మనకి రావడమో రద్దవడమో తప్ప నష్టపరిహారం ఒక్క డాలర్ కూడా రాదు. డబ్బు కావాలంటే కోర్టే గతి. ఓడినవాడు కూడా 10 పనిదినాల్లో కోర్టుకెళితే తీర్పు అమలు ఆగుతుంది. ఇంకోటి, పెద్ద కంపెనీలు చిన్నవాళ్ళ దగ్గర మంచి పేరు లాక్కోడానికి దీన్ని వాడితే ప్యానెల్ "రివర్స్ హైజాకింగ్" అని తీర్పులోనే రాసేస్తుంది. జరిమానా ఉండదు, పరువు మాత్రం పోతుంది, నాకైతే ఆ శిక్ష చాలదనిపిస్తుంది.

ఇదంతా డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ లాంటి వాటికి. రెండక్షరాల దేశం డొమైన్లకి ఎవరి రూల్ వాళ్ళదే, డాట్ ఇన్‌కి దాన్ని నడిపే నిక్సీ వాళ్ళ పాలసీ, డాట్ యూకేకి అక్కడి నామినెట్ వాళ్ళది, అలాగ. డాట్ టీవీ, డాట్ కో లాంటివి యూడీఆర్‌పీనే వాడుకుంటున్నాయి.

ఫిషింగ్ సైట్లకి (నకిలీ పేజీలతో పాస్‌వర్డులు లాగేవాటికి) ఇవేవీ అక్కర్లేదు. రిజిస్ట్రార్ అబ్యూజ్ ఈమెయిల్‌కి పూర్తి లింకు, స్క్రీన్‌షాట్, వచ్చిన మెయిల్ హెడర్లు పంపండి, హోస్టింగ్ వాళ్ళకి కూడా. 2024 ఏప్రిల్ నుంచి కాంట్రాక్టు మారింది, సరైన ఆధారం చూపిస్తే ఫిషింగ్, మాల్‌వేర్ లాంటి వాటి మీద రిజిస్ట్రార్ చర్య తీసుకోవాల్సిందే, పట్టించుకోకపోతే అప్పుడు ఐకాన్‌కి. మిమ్మల్ని తిడుతూ ఎవడో వ్యాసం రాస్తే మాత్రం అది ఈ లెక్కలోకి రాదు, హోస్టింగ్ కంపెనీయో కోర్టో చూడాలి.

మరి మావాడి సంగతా? వాడిది వీటిలో ఏదీ కాదు. డిజైనర్ దొంగిలించలేదు, వీడే అన్నీ నువ్వే చూసుకో అన్నాడు, ఆయన తన అకౌంట్లో తన పేరు మీద కొన్నాడు. ఇలాంటివి ప్యానెల్ దగ్గరికి తీసుకెళితే ఇది కాంట్రాక్టు గొడవ, కోర్టుకి పోండి అంటారు. అందుకని ఆ నాలుగు పేజీలు పక్కన పెట్టించి, పాత మెయిళ్ళు వెతికించా. మూడేళ్ళ క్రితం ఇన్వాయిస్‌లో "డొమైన్ రిజిస్ట్రేషన్, క్లయింట్ తరఫున" అని ఒక లైను దొరికింది. దాన్ని అటాచ్ చేసి, మర్యాదగా, వారంలో నా పేరు మీదకి మార్చండి అని మెయిల్ పెట్టాడు. నాలుగో రోజున మార్చేశారు. ఓనర్ పేరు మారితే వేరే రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్ళకుండా సాధారణంగా 60 రోజుల లాక్ పడుతుంది, ఆ విషయం వాడికి ముందే చెప్పడం మర్చిపోయా. నిన్న మళ్ళీ పదకొండున్నరకి ఫోన్, "ఒరేయ్, ట్రాన్స్‌ఫర్ అవ్వట్లేదు, ఐకాన్‌కి రాయనా?"