ఐదో మాటకు తొమ్మిది నిమిషాలు

మెదక్ చర్చి చూడాలంటే అందరూ డిసెంబరు 25నే బయల్దేరతారు. ఆ రోజు జనాన్ని చూడొచ్చు గానీ గుడిని చూడలేం. నన్నడిగితే గుడ్ ఫ్రైడే నాడు వెళ్ళాలి. అదీ తిన్నగా మెదక్‌కు కాదు. దారిలో ఏదైనా పల్లె క్రైస్తవ సంఘంలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద జరిగే ఏడు మాటల ఆరాధనకు మొదటి నుంచి చివరిదాకా కూర్చుని, ఆ తర్వాత మెదక్ చేరాలి. ఈసారి నేను అలాగే చేశాను.

సెలవు రోజు కావడంతో సికింద్రాబాద్ జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)లో ఎనిమిదింటికే నర్సాపూర్ మీదుగా వెళ్ళే బస్సులో కాలు పెట్టే చోటు లేదు. అడవి దాటేదాకా నిలబడే ప్రయాణం. కౌడిపల్లి దాటాక దిగి ఆటో ఎక్కితే మూడు కిలోమీటర్లకు 100 రూపాయలన్నాడు. "పండగ కదన్నా" అని కారణం. ఉపవాసముండే రోజును పండగ లెక్కలో వేసి డబ్బులు తీసుకోవడం నాకు నచ్చలేదు. కానీ ఎండలో బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను.

గుడి రేకుల షెడ్డు. గంటకు బదులు చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. లోపల జంపఖానాలు, ఒక పక్క ఆడవాళ్ళు, ఒక పక్క మగవాళ్ళు, సగానికి సగం తెల్ల బట్టలు. ముందున్న ఆరాధన బల్ల మీద ఏమీ లేదు. గురువారం రాత్రి ప్రభువు భోజనం (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) కాగానే, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలమంతా పరిచి ఉన్న ఊదా గుడ్డను, కొవ్వొత్తుల స్టాండ్లను తీసి లోపల పెట్టేస్తారు. శుక్రవారం చెక్క చెక్కలాగే కనిపించాలి. ఈస్టరు తెల్లవారుజామున మళ్ళీ తెల్లగుడ్డ పరుస్తారు.

ఏడు మాటలూ ఏ ఒక్క సువార్తలోనూ వరుసగా ఉండవు. లూకాలో మూడు, యోహానులో మూడు, మత్తయి మార్కుల్లో కలిపి ఒకటి. సంఘం వాటిని కూర్చి వరుస పెట్టుకుంది. పన్నెండు నుంచి మూడింటి దాకా దేశమంతా చీకటి కమ్మిందని మత్తయి 27:45లో ఉంది కాబట్టి ఆరాధన కూడా ఆ మూడు గంటలే. మూడు గంటలంటే 180 నిమిషాలు. మొదటి పాటకు, ప్రార్థనకు 10 పోతాయి. ఒక్కో మాటకు కీర్తన 4, వాక్యం చదవడం 1, చెప్పడం 15, ప్రార్థన 2, అంటే 22. ఏడుకి 154. మిగిలిన 16 నిమిషాలు కానుకకు, ప్రకటనలకు, చివరి మౌనానికి. ఈ లెక్క ముందే కాగితం మీద రాసి, ఒక్కో మాట మీద ఒక్కొక్కరుగా ప్రసంగించే ఏడుగురికీ ఇవ్వని చోట ఆరాధన దారి తప్పుతుంది.

ఇక్కడా తప్పింది. మొదలైంది 12:10కి. మొదటి మాట చెప్పినాయన గెత్సేమనే తోటలో బయల్దేరి, కయప ఇంటికి, పిలాతు ముందుకు తీసుకెళ్ళి, సిలువ దగ్గరికి వచ్చేసరికే 20 నిమిషాలు. "వీరిని క్షమించుము" అన్న మాటలో ఆ 'వీరు' ఎవరన్నది చెప్పడానికి మరో 15. ఈ పొరపాటు చాలాచోట్ల చూశాను. మొదటివాడు శ్రమల చరిత్ర అంతా చెప్పేస్తే మిగతా ఆరుగురికీ చెప్పిందే చెప్పడం తప్పదు. రెండో ఆయన 28 నిమిషాలు తీసుకున్నారు. మూడో మాట 20లో అయింది. నాలుగో మాట, "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచావు" అన్నది, నిజంగా కష్టమైంది. మత్తయి "ఏలీ" అని, మార్కు "ఎలోయీ" అని ఎందుకు రాశారో, అది బైబిలు కీర్తనల గ్రంథంలోని 22వ కీర్తన మొదటి వచనం ఎలా అయిందో విడమరచాలి. ఆ కీర్తన విలాపంగా మొదలై స్తుతితో ముగుస్తుందన్నదీ చెప్పకపోతే వినేవాళ్ళు సగంలోనే ఆగిపోతారు. ఆయన చివరిదాకా తీసుకెళ్ళారు గనుక 24 నిమిషాలైనా నేను తప్పుపట్టను.

అప్పటికి 2:31. ఇంకా మూడు మాటలున్నాయి. పాస్టరు అయ్యగారు పాటలు ఆపించి, ఒక్కొక్కరికి తొమ్మిది నిమిషాలన్నారు.

ఐదో మాట బళ్ళో పనిచేసే ఒక టీచరమ్మది. "నేను దప్పిగొనుచున్నాను." గ్రీకులో ఒకే ఒక్క పదం, ఏడింటిలో అతి చిన్నది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకుని, ఎండ, రక్తం పోవడం అని ఒంటి బాధ వర్ణించి కూర్చుంటారు. ఆవిడ చేతిలో అరచేతంత కాగితం. యోహాను 19లో 28, 29, 30 వచనాలు మాత్రం నిదానంగా చదివి, ఒక ప్రశ్న వేశారు: "ఇందులో రెండుసార్లు వచ్చిన మాట ఏది?"

నేను ఇన్నేళ్ళలో గమనించలేదు. "సమాప్తమైనది" అన్న ఆరో మాట 30వ వచనంలో వినబడుతుంది. కానీ 28లోనే, సమస్తమూ సమాప్తమైనదని యేసు ఎరిగి దప్పి అన్నాడని ఉంది. ఆ రెండు సమాప్తాల మధ్య ఉంది దాహం. ఆ మాట నొప్పికి నోరు జారి వచ్చింది కాదు, తెలిసి అన్నది.

తర్వాత ఆవిడ మార్కు 15:23 తీయించారు. సిలువ వేసే ముందు బోళం కలిపిన ద్రాక్షారసం ఇస్తే ఆయన పుచ్చుకోలేదు. బోళం కలిపితే మత్తెక్కి నొప్పి తగ్గుతుందని అంటారు. చివర ఇచ్చింది చిరక, సైనికులు దాహానికి తాగే పుల్లటి చవక ద్రాక్షారసం. దాన్ని పుచ్చుకున్నాడు. మత్తునిచ్చేది వద్దన్నాడు, గొంతు తడిపేది తీసుకున్నాడు, ఇంకా రెండు మాటలు చెప్పాల్సి ఉంది గనుక. చిరకలో ముంచిన స్పంజీని తగిలించి నోటికి అందించిన హిస్సోపు అనే మొక్క పుడక, నిర్గమకాండం 12:22లో పస్కా గొర్రెపిల్ల రక్తాన్ని ద్వారబంధానికి పూసిన హిస్సోపే అని ఒక్క వాక్యంలో చెప్పి, 69వ కీర్తన 21వ వచనం ఇంటికెళ్ళి చదువుకోమని కూర్చున్నారు. ఎనిమిది నిమిషాలైంది.

ప్రార్థనకు ముందు ఎవరూ కదల్లేదు. వెనక పిల్లవాడెవరో నీళ్ళ బిందె మూత తీసిన చప్పుడు గుడంతా వినబడింది.

వాక్యం చెప్పాలనుకునేవాళ్ళు నేర్చుకోవాల్సిన పద్ధతి ఇదే. అప్పగించిన వచనానికి ముందొకటి, వెనకొకటి చదవాలి. తిరిగొచ్చిన మాటను పట్టుకోవాలి. అదే సంగతి మిగతా సువార్తల్లో ఎలా ఉందో పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలి. పాత నిబంధనలోంచి ఒకటి, మహా అయితే రెండు రిఫరెన్సులు చాలు. పన్నెండు చెబితే వినేవాళ్ళు పేజీలు తిప్పడంలోనే ఉండిపోతారు. మిగిలిన రెండు మాటలూ గబగబా ముగిశాయి. మూడు దాటాక ఆశీర్వాదపు పాట లేకుండా, రైలు పట్టా మోగించకుండా అందరూ మౌనంగా బయటికి నడిచారు.

మెదక్ చేరేసరికి ఐదు కావొస్తోంది. 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన గుడి. కరువు కాలంలో పాస్నెట్ దొర అనే మిషనరీ పని కల్పించి, కూలికి బదులు తిండి పెట్టి కట్టించింది. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. ఈ కొలతలు అందరికీ తెలిసినవే. చాలామందికి తెలియనిది రంగుటద్దాల కిటికీలను ఎప్పుడు చూడాలన్నది. బయటి నుంచి చూస్తే పగలు అవి నల్ల పలకలే. బయట వెలుగుంటేనే లోపల బొమ్మ కనిపిస్తుంది. కరెంటు దీపాలు వాటికి పనికిరావు. అందుకని ఆరులోపే వెళ్ళాలి. బలిపీఠం వెనక ఆరోహణం, అటూ ఇటూ యేసు జననం, సిలువ మరణం.

సిలువ కిటికీ ఎదుట కూర్చున్నాను. వెలుగు తగ్గేకొద్దీ అద్దాలన్నీ ఒకేసారి ఆరిపోవు. ముందు ఎరుపు నల్లబడింది. పసుపు కాసేపు నిలిచి పాలిపోయింది. చివరిదాకా మిగిలింది నీలం. అది కూడా పోయేలోపే కాపలా ఆయన తాళాలు పట్టుకుని వచ్చి, "ఎల్లుండి పొద్దున చీకట్లోనే తీస్తం, రండ్రి" అన్నాడు.