తుంటి ఒకటి, కన్ను ఒకటి

వేల్స్ ఆరోగ్య మంత్రిగారు ఇవాళ సభలో చెప్పింది నిజమే కావడం నాకింకా మింగుడుపడటం లేదు. ఇది 2025లో ఒక బుధవారం, రాత్రి పదకొండు దాటింది. ఈయన గురక మొదలైంది, చిన్నది పడుకున్నట్టు నటిస్తోంది. ఇక్కడ కక్కేస్తే గానీ నాకు నిద్ర పట్టేట్టు లేదు.

పొద్దున్న పక్కింటి మామ్మగారికి ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది. శుక్లాల వల్ల చదవలేరు కదా, గోడ అవతలి నుంచి పిలిచారు. వెళ్ళి గట్టిగా చదివి వినిపించాను. తుంటి ఆపరేషన్ కోసం మీరు జాబితాలో ఉన్నారు, మీకది ఇంకా అవసరమేనా, అవసరమైతే ఫలానా తేదీలోగా చెప్పండి, చెప్పకపోతే పేరు తీసేస్తాం. ఇదీ సారాంశం. చదువుతుంటే నాకే సిగ్గేసింది. తుంటి అరిగిపోయి, మెట్ల మీద కూర్చుని ఒక్కొక్కటే జారుతూ దిగే మనిషిని పట్టుకుని ఇంకా కావాలా అని అడగడమేమిటి? తుంటి తనంతట తాను బాగైపోతుందా? జాబితాలో చనిపోయినవాళ్ళు, బయట డబ్బు పెట్టి చేయించుకున్నవాళ్ళు ఉంటారు, వాళ్ళని తీసేయడానికి అలా రాస్తారని ఈయన సర్దిచెప్పబోయారు. ఈయనెప్పుడూ ఉత్తరం రాసినవాళ్ళ పక్షమే.

బుధవారం కదా, ఒంటిగంటన్నరకి సెనెద్, అదే వేల్స్ పార్లమెంటు, మొదలైంది. ఇంటి నుంచి పనిచేసే రోజు కంచం ముందు సెనెద్ టీవీ పెట్టుకునే జబ్బు నాకెలా అంటుకుందో పాత టపాల్లో ఉంది, మళ్ళీ రాయను. మంగళవారం ఫస్ట్ మినిస్టర్‌ని (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) అడుగుతారు, బుధవారాలు మిగతా మంత్రులు వంతులవారీగా దొరుకుతారు. ఇవాళ ఆరోగ్య శాఖ వంతు. ప్రతి ఒక్కరి ముందూ కంప్యూటర్. ఎవరైనా వెల్ష్‌లో మొదలుపెడితే చాలు, ఆ భాష రానివాళ్ళంతా గబగబా హెడ్‌ఫోన్లు తగిలించుకుంటారు. ఆ హడావిడి చూడటం నాకిష్టం.

ఒక ప్రతిపక్ష సభ్యురాలు లేచింది. మా ప్రాంతం కాదు. ఎముకల ఆపరేషన్ల కోసం తన వైపు జనం పడిగాపులు పడటం గురించే ప్రశ్న. ముద్ద చేతిలోనే ఉండిపోయింది నాకు. వేల్స్ జనాభా మొత్తం 31 లక్షలైతే వైద్యం కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితా 2024లో 8 లక్షలు దాటింది. ఆవిడ ఆ అంకె ఎత్తింది. మంత్రి వెంటనే సరిచేశారు. అవి మనుషులు కావు, పాత్‌వేలు. ఒకే మనిషి రెండు మూడు జబ్బులకి వేర్వేరు వరసల్లో ఉండొచ్చు. మనుషుల్ని లెక్కపెడితే ఆరు లక్షల చిల్లరే. ఈ జవాబు నాకు కంఠతా వచ్చు. ఆరోగ్య మంత్రులు మారుతున్నా ఇది మారదు. నిలబడ్డ చోట నుంచే లక్షన్నర పైన జనాన్ని తగ్గించేసి కూర్చున్నారాయన.

ఒళ్ళు మండింది. తర్వాత గిన్నెలు తోముతుంటే తట్టింది. మామ్మగారు తుంటికి ఒక వరసలో ఉన్నారు, కంటికి ఇంకో వరసలో ఉన్నారు. అంటే ఆ జాబితాలో ఆవిడ ఒక్కరు కాదు, ఇద్దరు. మంత్రి చెప్పిన ఉదాహరణ మా గోడ అవతలే ఉంది! అయితే మాత్రం? రెండు వరసల్లో ఇరుక్కున్న ఒక్క మనిషి, ఒక్కో వరసలో నిలబడ్డ ఇద్దరికన్నా తక్కువ అవస్థ పడుతోందా? కన్ను ఆనక మెట్టు తప్పితే ముందు విరిగేది ఆ తుంటే కదా. లెక్క సరే, ఆపరేషన్ ఎప్పుడు చేస్తారన్నది మాత్రం ఆ జవాబులో లేదు.

సాయంత్రమయ్యేసరికి కోపం మంత్రి మీద నుంచి ఆ సభ్యురాలి మీదకి మళ్ళింది. ఆయన అలా అన్నాక ఆవిడకి అనుబంధ ప్రశ్న మిగిలే ఉంది. సరే, మనుషులనే లెక్కపెడదాం. రెండేళ్ళు దాటినా పిలుపు రాని మనుషులెందరు, వాళ్ళలో రెండు వరసల్లో ఉన్నవాళ్ళెందరు అని అడగాలా వద్దా? అడగలేదు. ముందే రాసుకొచ్చింది చూసి చదివేసింది. చివర్లో, ఈ ప్రభుత్వం ఎప్పుడు బాధ్యత తీసుకుంటుంది అని ఒక వాక్యం. అది ఫోన్లలో తిరిగే వీడియో ముక్కకి బాగుంటుంది. మంత్రి వెల్ష్‌లో పద్యం చదివినా ఆవిడ అదే అడిగేది.

మా పెద్దమామయ్య గుర్తొచ్చాడు. ఆయన గురించి ఇక్కడ చాలాసార్లు రాశాను గానీ ఈ కథ రాయలేదనుకుంటా. మామయ్య మా ఊళ్ళో మున్సిపల్ కౌన్సిలర్, అదీ ప్రతిపక్షంలో. ఆ పక్షాన పట్టుమని నలుగురు లేరు. మీటింగు ముందురోజు సాయంత్రం మా అరుగు మీద కూర్చుని ప్రశ్నలు రాసుకునేవాడు. అందులో మా వీధి మురిక్కాలువ ఎప్పుడూ ఉండాల్సిందే. అమ్మని ఛైర్మన్‌గా కూర్చోబెట్టి రిహార్సల్ వేసేవాడు. అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ "పరిశీలిస్తామండీ" అనేది. "అంత మెత్తగా కాదే, వాడు విసుక్కుంటాడు, విసుగ్గా అను" అనేవాడు. అమ్మ విసుగ్గా అనేది, అది మాత్రం నటన కాదు. మర్నాడు ఇస్త్రీ చొక్కా, జేబులో నాలుగు మడతల కాగితం. నాకు సెలవైతే నేనూ వెంటపడేదాన్ని. హాలు బయట వరండాలో బల్ల మీద కూర్చుంటే కిటికీలోంచి అన్నీ వినిపించేవి.

ఒకసారి మామయ్య లేవకముందే ఛైర్మన్ "మీ వీధి కాలువకి డబ్బు మంజూరైందండీ, వచ్చే నెల టెండర్" అనేశాడు. మామయ్య నింపాదిగా లేచి, కాగితం విప్పి, "ఇన్నిసార్లు అడిగినా మా వీధి కాలువకి పైసా మంజూరు చేయకపోవడానికి కారణమేమిటో ఛైర్మన్‌గారు చెప్పాలి" అని మొదలుపెట్టి ఆఖరి అక్షరం దాకా చదివాడు. హాలంతా ఒకటే నవ్వు. బయట నా పక్కన నిలబడ్డ ప్యూను కూడా నవ్వాడు. ఇంటిదాకా మామయ్య నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. రాత్రి అమ్మ అడిగింది, ఇస్తున్నామన్నాక ఇంకా చదవడమెందుకన్నయ్యా అని. "ఇస్తున్నామని ఏ కాగితం మీద ఉందే? నేనడిగినట్టూ, వాడు ఇచ్చామన్నట్టూ రెండూ మినిట్స్‌లోకి ఎక్కాలి" అన్నాడు. పరువు కాపాడుకోవడానికి అప్పటికప్పుడు అల్లిన మాట అని అమ్మ ఇప్పటికీ అంటుంది. కావచ్చు. కానీ వచ్చే నెల టెండర్ రాలేదు, ఆ పై నెలా రాలేదు. మామయ్య ఆ మినిట్స్ నకలు పట్టుకుని ఇంజినీరు గదికి తిరిగీ తిరిగీ చెప్పులు అరగదీశాడు. కాలువ పడింది, నేను కాలేజీలో చేరాక.

ఆ లెక్కన ఇవాళ్టి ఆవిడని మరీ అంత తిట్టక్కర్లేదేమో. ప్రశ్న కొన్ని రోజుల ముందే ఇవ్వాలి. ఏది ముందొస్తుందో చీటీలు తీసినట్టు తేలుస్తారు, అడుగున పడితే సమయం అయిపోయి అసలు పిలుపే రాకపోవచ్చు. పార్టీల తరఫున మాట్లాడేవాళ్ళు ముందు చెప్పకుండా మూడేసి అడగొచ్చు. మామూలు సభ్యులకి ఆ వీల్లేదు, ఇచ్చిన ప్రశ్న మీద దొరికేది ఒక్క అనుబంధ ప్రశ్నే. ఆ ఒక్కటీ సభ రికార్డులోకి ఎక్కింది. రేపు ఎవరైనా దాన్ని పట్టుకుని తిరగొచ్చు. తిరుగుతారా అన్నది వేరే సంగతి.

ప్రశ్నల వల్ల ఏమీ కాదనడానికీ లేదు. 2024లో అప్పటి ఫస్ట్ మినిస్టర్ వాన్ గెథింగ్ సంగతి గుర్తుందా? పార్టీ నాయకత్వ పోటీకి 2 లక్షల పౌండ్ల విరాళం తీసుకున్నాడు. ఇచ్చిన కంపెనీ యజమాని పర్యావరణ నేరాల్లో శిక్ష పడ్డవాడు. అప్పటి ప్రతిపక్ష నాయకులు రూన్ ఆప్ యోర్వెర్త్, ఆండ్రూ ఆర్.టి. డేవిస్ దాన్ని వదల్లేదు, ఒకే ప్రశ్నని తిప్పి తిప్పి అడిగారు. జూన్ 5న అవిశ్వాసం 29-27తో నెగ్గింది. జూలై 16న ఆయన ప్రభుత్వంలోంచి నలుగురు తప్పుకున్నాక ఆయనా దిగిపోతున్నట్టు ప్రకటించాడు. మార్చిలో ఎక్కిన పదవి! ఈయన ఆ రోజు టీ చల్లారిపోయేదాకా టీవీ ముందే ఉన్నారు. అయితే అది పదవి గొడవ, ఒక మనిషి రాజీనామాతో తెగిపోయింది. ఈ వరసల సంగతి అలా కాదు. సర్జన్లు కావాలి, పడకలు కావాలి, ఇంటికి పంపేశాక చూసుకునే మనుషులు కావాలి. సభలో ఎవరు ఎంత గట్టిగా అరిచినా ఇవి ఆ సాయంత్రానికి పుట్టుకురావు.

అన్నట్టు సిటీ రోడ్‌లో ఇవాళ గోంగూర దొరికింది. లేతగా ఉంది. రెండు కట్టలు తెచ్చి పచ్చడి చేశాను. అంతే, దాని గురించి ఇంకేం లేదు.

రాత్రి పచ్చడి ఇవ్వడానికి వెళ్ళి మామ్మగారికి ఇదంతా చెప్పాను. ఆవిడ 1997 రిఫరెండంలో అసలీ సభే (అప్పట్లో అసెంబ్లీ అనేవారు) వద్దని ఓటేసిన మనిషి. కార్డిఫ్‌లో ఎక్కువమంది అలాగే వేశారు. ఆఖర్న కార్మార్థెన్‌షైర్ ఓట్లు వచ్చి, 6,721 తేడాతో, 50.3 శాతంతో అవుననిపించాయి. తీరా కట్టింది వద్దన్న ఊళ్ళోనే. ఇప్పుడు చెత్తబండి ఆలస్యమైనా "బే వాళ్ళకి చెప్పు" అంటారు, సభ ఉన్నది కార్డిఫ్ బేలో కదా. 2007 నుంచి మందులకి పైసా కట్టకుండా తెచ్చుకుంటున్నారే, అప్పుడు మాత్రం బే గుర్తురాదు.

ఆ అడగని ప్రశ్నని మనమే రాసి మన సభ్యులకి పంపుదామన్నాను. 2026 మే ఎన్నికల దాకా ఇక్కడ ఒక్కొక్కరికీ ఐదుగురు సభ్యులు, నియోజకవర్గానికి ఒకరు, ప్రాంతానికి నలుగురు. ఆ ఎన్నికల నుంచి ఆ పద్ధతి పోయి నియోజకవర్గానికి ఆరుగురు వస్తారు, సభలో 60 మంది కాస్తా 96 అవుతారు. ప్రస్తుతానికి మా ప్రాంతపు నలుగురూ ప్రతిపక్షాల టికెట్ మీద గెలిచినవాళ్ళే. నియోజకవర్గం సభ్యుడు అధికార లేబర్. ప్రతిపక్షంలో ఎవరికో ఒకరికి రాద్దాం, వాళ్ళే గట్టిగా అడుగుతారని నేను. మామ్మగారు ఒప్పుకోలేదు. "లేబర్ అబ్బాయికే రాయి. వాడు మంత్రి వెనకే కూర్చుంటాడు కదా, వంగి చెవిలో చెప్తాడు" అన్నారు. అరగంట వాదించినా తెగలేదు. రేపు మళ్ళీ వెళ్ళాలి.