నలభై అయిదు సెకన్ల ఊపిరి

సబ్‌నాటికా అనే వీడియో గేమ్ మొదలుపెట్టిన రోజున, అరగంట గడవకముందే నేను రెండుసార్లు ఊపిరాడక చనిపోయాను. 2018 జనవరిలో పూర్తి రూపంలో విడుదలైన ఈ ఆటలో ఒళ్లు జలదరింపజేసే జలచరాలు ఉంటాయని ముందే విని ఉన్నందున, నా భయమంతా వాటి మీదే పెట్టుకున్నాను. తీరా నన్ను చంపింది ఏ జంతువూ కాదు, తెర ఎడమవైపు అడుగున తరిగిపోతున్న ఆక్సిజన్ అంకె.

ఆరోరా అనే అంతరిక్ష నౌక 4546బి అనే సముద్ర గ్రహం మీద కూలిపోతుండగా మనం ఒక చిన్న లైఫ్‌పాడ్‌లో తప్పించుకుంటాము. ఊడిపడిన లోహపు పలక తలకు తగిలి స్పృహ తప్పుతుంది. కళ్లు తెరిచేసరికి పాడ్ లోపల మంటలు. కింద పడి ఉన్న ఎక్స్‌టింగ్విషర్‌ను అందుకుని వాటిని ఆర్పడమే మొదటి పని. రేడియో పాడైపోయి ఉంటుంది. లాకర్‌లో కొద్దిపాటి నీళ్లు, తిండి, రెండు ఫ్లేర్లు ఉంటాయి. నిచ్చెనెక్కి పై మూత తెరిస్తే నాలుగు దిక్కులా నీరు, దూరంగా తగలబడుతున్న ఆరోరా. కొత్తగా ఆడేవారికి తిన్నగా దాని వద్దకే ఈదుకుంటూ పోవాలనిపిస్తుంది కానీ, ఆ తొందర అస్సలు పనికిరాదు. కొంతకాలానికి ఆ నౌక పేలి చుట్టూ రేడియేషన్ వ్యాపిస్తుంది. దాని ముందు భాగం దగ్గర రీపర్ లెవయథన్ అనే భారీ వేట జంతువు తిరుగుతూ ఉంటుంది. మొదటి నిమిషాలలో చేయవలసిన పనులన్నీ పాడ్ నీడలోనే ఉన్నాయి.

ఏ పరికరమూ లేకుండా దూకితే మనకు దక్కేది నలభై అయిదు సెకన్ల ఊపిరి. చిన్నప్పుడు నడుముకు బెండు కట్టుకుని మా ఊరి బావిలో ఈత నేర్చుకున్న నాకు ఇది పెద్ద లెక్కగా తోచలేదు. బావిలో అడుగు తాకిన తరువాత పైకి రావడానికి ఒకటే దారి ఉంటుంది, అది నేరుగా నెత్తి మీదే ఉంటుంది. ఈ సముద్రంలో అలా కాదు.

మొదటి చావు ఒక గుహలో జరిగింది. సున్నపురాయి గడ్డలను పగలగొడితే టైటానియమో రాగియో దొరుకుతుంది. బ్యాటరీకి రాగి కావాలి కాబట్టి, ఒక గడ్డ తరువాత మరొక గడ్డను వెదుకుతూ తెలియకుండానే రాతి కప్పు కిందికి చేరాను. ఆక్సిజన్ అయిపోవస్తున్నదని హెచ్చరిక వినిపించినప్పుడు అలవాటు ప్రకారం పైకి ఈదాను, తల రాతికి కొట్టుకుంది. ఎటు తిరిగినా అదే ఊదా రంగు రాయి. తెర మెల్లగా నల్లబడింది. మళ్లీ పాడ్‌లో మేలుకునేసరికి, ఏరుకున్న రాగి నా దగ్గర లేదు. రెండవ చావుకు కారణం మరీ సిగ్గుచేటు: బుడగలా ఉబ్బి ఉండే బ్లాడర్‌ఫిష్‌ను పట్టుకుంటే పాడ్‌లోని తయారీ యంత్రమైన ఫ్యాబ్రికేటర్‌లో దానినుంచి మంచినీరు చేసుకోవచ్చునని తెలిసి, ఒకే ఒక్క చేపను వదలకుండా వెంటాడాను.

ఆ తరువాతే నా తప్పు నాకు అర్థమయింది. వస్తువులను పరిశీలించే స్కానర్ మీద మోజుతో మొదట బ్యాటరీ, దానికోసం రాగి, యాసిడ్ పుట్టగొడుగులు అంటూ తిరిగాను గానీ, సాధారణ ఆక్సిజన్ ట్యాంకుకు కావలసింది కేవలం మూడు టైటానియం. ఇసుకలో పడి ఉన్న నౌక తుక్కు ముక్క ఒక్కటి తెచ్చి ఫ్యాబ్రికేటర్‌లో వేస్తే నాలుగు టైటానియం వస్తాయి. అంటే ఒక్క మునకతో, సరిగ్గా ఒక్క తుక్కు ముక్కతో, ఊపిరి డెబ్బయి అయిదు సెకన్లకు పెరుగుతుంది. ఈ లెక్క తెలియక నేను రెండు ప్రాణాలు పోగొట్టుకున్నాను. రేడియోను బాగుచేసే రిపేర్ టూల్‌కు గంధకం కావాలి, అది క్రాష్‌ఫిష్ నిద్రించే మొక్కలలో ఉంటుంది. ఆ చేప కీచుమంటూ దూసుకొచ్చి మన ముందే పేలిపోతుంది కనుక, ట్యాంకు లేకుండా ఆ పనికి పూనుకోవడం నా ఉద్దేశంలో అవివేకం. ట్యాంకుతో పాటు నేను ఇంకొక అలవాటు కూడా చేసుకున్నాను: దూకిన ప్రతిసారీ ఊపిరి సగానికి పడగానే, చేతికందేంత దూరంలో ఏమి మెరుస్తున్నా సరే, వెనుదిరగడం.

ట్యాంకు తగిలించుకుని మొట్టమొదట ఆ గుహకే వెళ్లాను. ఈసారి తొందరపడకుండా, లోపలికి వచ్చిన దారిని చూసుకుంటూ ఈదాను. నా తల రాతికి కొట్టుకున్న చోటి నుంచి గుహ నోరు నాలుగు బారల దూరంలో ఉంది, అందులోనుంచి పట్టపగటి వెలుతురు నిలువునా పడుతోంది. ఆ సమయంలో నేను దానికి వీపు పెట్టి ఉన్నాను.