రాగి పెట్టె మీద చెయ్యి

చెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడిపోయాను. ఐదు సెంటీమీటర్ల మందం రాగి. అచ్చం అమ్మమ్మ చింతపండుతో తోమిన బిందె రంగు.

ఫిన్లాండ్‌లో ఒల్కిలువోటో అనే దీవి చూడ్డానికి వెళ్ళాం ఇవాళ. వాడేసిన అణు ఇంధనాన్ని ఇలాంటి పెట్టెల్లో పెట్టి, 400 మీటర్లకు పైగా లోతున రాతిలో దించి, చుట్టూ బెంటోనైట్ మట్టి కూరుతారు. తడి తగిలితే ఆ మట్టే ఉబ్బి సందులు మూసేస్తుంది. రాయి వయసు దాదాపు 190 కోట్ల ఏళ్ళు. లక్ష ఏళ్ళు కాపాడాలి మరి!

తిరిగొస్తూ దారంతా ఆ దీవి ఉన్న ఊరు, యూరాయోకి గురించే ఆలోచించాను. ఆ ఊరి స్థానిక కౌన్సిల్ వద్దంటే అక్కడ కట్టడానికి చట్టం ఒప్పుకోదు. ముందు ఊరిని అడగాల్సిందే. 2000 జనవరిలో కౌన్సిల్ సభ్యులు ఓటు వేశారు. 20 మంది సరేనన్నారు, ఏడుగురు వద్దన్నారు.

ఆ ఏడుగురి మాటలు చదవాలనుంది. ఫిన్నిష్ బాగా వచ్చినవాళ్ళు ఎవరైనా సాయం చేస్తారా?