ఉప్పు డబ్బా తూకం: ఇద్దరుండే గదిలో ఆరు వారాలు

1వ వారం. బీపీ అదుపు కోసం ఉప్పు తగ్గించే ప్రయత్నం ఇది. ఈ వారం వంటలో ఏ మార్పూ లేదు, కొలత మాత్రమే. ఉప్పు డబ్బాను ఆదివారం తూచి, మళ్లీ ఆదివారం తూచితే 140 గ్రాములు తగ్గింది. అంటే తలా రోజుకు 10 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు 5 గ్రాముల లోపు. బయటి బిర్యానీ, చిప్స్ ఈ లెక్కలో లేనే లేవు.

బీపీ చూసే పద్ధతీ ఈ వారమే కుదరాలి. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి, పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద. పట్టీ చొక్కా మీద చుట్టకూడదు. టీ తాగిన అరగంట లోపు చూస్తే అంకె పెరిగి కనిపిస్తుంది. ఉదయం, సాయంత్రం నిమిషం తేడాతో రెండేసి సార్లు చూసి, మొదటి రోజువి వదిలేసి మిగతా వాటి సగటు రాసుకోవాలి.

2, 3 వారాలు. వారంలో డబ్బాలో తగ్గే ఉప్పు 120 గ్రాములకు, తర్వాత 100కి దిగింది. ఒక్కసారిగా సగం కోస్తే కూర చప్పబడి, మూడో రోజుకే పచ్చడి జాడీ కంచం పక్కకొస్తుంది. పప్పులో ఉప్పు దించే ముందు వేసి, చింతపండు పులుసో నిమ్మరసమో కాస్త పెంచితే లోటు తెలియదు. మజ్జిగలో ఉప్పు మానేసి అల్లం, కరివేపాకు నలిపి వేయాలి. అన్నం వండేటప్పుడు ఉప్పు అక్కర్లేదు.

అసలు చిక్కు ఆవకాయే. చెంచాడు ముద్దలోనే గ్రామున్నర దాకా ఉప్పు ఉంటుంది. అలాగని కొత్త జాడీలో ఉప్పు తగ్గించి కలిపితే బూజు పడుతుంది. తగ్గించాల్సింది కంచంలో. అప్పడాల్లో ఉప్పుతో పాటు అప్పడాల కారంలోనూ (మిరప్పొడి కాదు, పిండిలో కలిపే సోడా లాంటి క్షారం) సోడియం, అంటే ఉప్పులో బీపీ పెంచే పదార్థం, ఉంటుంది, అది డబ్బా తూకానికి అందదు.

4, 5 వారాలు. ఇప్పుడు సోడియం ప్రభావాన్ని తగ్గించే పొటాషియం వంతు. తోటకూర, పాలకూర, అరటిపండు, కందిపప్పు. తోటకూరను ఉడికించి నీళ్లు వార్చేస్తే పొటాషియం కొంత ఆ నీళ్లతోనే పోతుంది. కడిగిన తడితోనే మూత పెట్టి, సన్నని సెగ మీద మగ్గించాలి.

6వ వారం. బీట్‌రూట్ చేర్చాం. అందులోని నైట్రేట్‌ను నోటిలోని బాక్టీరియా మార్చాకే రక్తనాళాలు సడలుతాయి. క్రిములను చంపే మౌత్‌వాష్ రోజూ వాడితే ఆ మేలు తగ్గుతుంది. సైంధవ లవణం కొనడం దండగ, అదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే. పొటాషియం కలిపిన ‘లో సోడియం’ ఉప్పు మాత్రం కిడ్నీ జబ్బున్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ముట్టకూడదు. ముప్ఫై ఏళ్లలోపు వాళ్లకు ఇంట్లో సగటు 135/85 దాటుతుంటే ఈ తూకాలతో ఆగకూడదు, కిడ్నీ పరీక్షలూ చేయించాలి.